బిల్లు ఎంతయింది?

అమ్మాయికి ఆశీస్సులు.

మారేడుమిల్లి వెళ్ళొచ్చి నువ్వు రాసిన వ్యాసం అందింది. నీకు రాయడం వచ్చు, అందులో అనుమానం లేదు. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నాను, మొదటి నాలుగు పేరాలు తీసెయ్. రాజమండ్రిలో బస్సెక్కడం, రంపచోడవరంలో టీ తాగడం, "ప్రకృతి ఒడిలో" అనే మాట, 1922 నాటి రంప పోరాటం మీద ఒక పేరా... ఇంత దూరం నడిస్తే గానీ లాడ్జి గుమ్మం రాలేదు. సీతారామరాజు గురించి రాయాలనుంటే విడిగా, శ్రద్ధగా రాయి. భోజనానికి ముందు నంజుకోడానికి ఆయన్ని వాడుకోకు.

నీ కథ "రూమ్ ఉందా అక్కా?" దగ్గర మొదలవుతుంది. లాడ్జి నడిపే ఆవిడ నిన్ను ఎగాదిగా చూసి "ఒక్కరేనా?" అని అడిగిందని ఎక్కడో అయిదో పేరాలో పడేశావు. దాన్ని పైకి తీసుకురా. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లకి గది ఇస్తే ఏం తలనొప్పి వస్తుందోనని ఆవిడ టెన్షన్ ఆవిడది. ఈ తలుపు గడియ సరిగ్గా పడుతుందా అని నీ టెన్షన్ నీది. ఊరుగాని ఊళ్ళో బస అంటే ముందు ఇదే. కొండలూ మబ్బులూ తర్వాత.

ఇక బొంగు చికెన్, అదే వెదురు బొంగులో కాల్చిన కోడి. "నోట్లో వేసుకుంటే కరిగిపోయింది" అన్నావు. నాటుకోడి కరగదమ్మా, నమలాలి. ఆ మాట నువ్వు తిని రాసింది కాదు, ఎక్కడో చదివి రాసింది. నిప్పుల దగ్గర పీట వేసుకుని చాలాసేపు కూర్చున్నానన్నావే, మరి అక్కడ చూసిందేది? పచ్చి వెదురే ఎందుకు కొడతారో అడిగావా? ఎండు బొంగు అయితే కోడి ఉడికేలోపు అదే అంటుకుపోతుంది. పచ్చిదానిలో తడి ఉంటుంది కాబట్టి పైన నల్లగా మాడుతున్నా లోపల ముక్క ఆవిరికి ఉడుకుతుంది. ఒకవైపు కణుపు ఉంచి రెండోవైపు కోస్తారు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ ఉంటారు. నూనె చుక్క వెయ్యరు. నువ్వు "నూనెలో వేగిన ఘుమఘుమ" అన్నావు. అక్కడి వాళ్ళెవరైనా చదివితే ఆ ఒక్క మాటతో మిగతాదంతా నమ్మడం మానేస్తారు.

ఉడికిందని నిప్పుల దగ్గరున్న ఆ కుర్రాడికి ఎలా తెలిసింది? గడియారం చూశాడా, వాసన పట్టాడా, మూతి దగ్గర పొంగే రసం చూశాడా? బొంగుని ఒట్టి చేత్తో తిప్పాడా, గుడ్డ పట్టుకున్నాడా? నీకు గుర్తుండే ఉంటుంది. అవి రాస్తే రుచి గురించి నువ్వు నోరు తెరవక్కర్లేదు.

పాతకాలపు తెలుగు వీథి నాటకం క్రీడాభిరామంలో గోవింద మంచన శర్మ, టిట్టిభ సెట్టి ఓరుగల్లులో తిరుగుతుంటారు కదా. అందులో పూటకూళ్ళ ఇంటి భోజనం మీద ఒక పద్యం ఉంది, తీసి చదువు. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. ఆ పద్యం చెప్పేవాడు ఆహా ఓహో అని ఒక్కచోటా అనడు. పంచదార ఎంతో చెప్తాడు, నెయ్యి ఎప్పుడు కాచిందో చెప్తాడు. చివరికి ఎవరింట్లోనో చెప్పి, ఇదంతా ఒక్క రూకకే (రూక అంటే ఆనాటి నాణెం) అని ముగిస్తాడు. ఆ ధర లేకపోతే అది వంటల జాబితాగా మిగిలిపోయేది. ధర పడేసరికి అది మాట్లాడుతున్న మనిషి కనిపిస్తాడు. ఆకలి మీదున్నాడు, జేబు చూసుకుంటున్నాడు, బేరం బాగుందని లోపల్లోపల సంతోషపడుతున్నాడు.

నీ వ్యాసంలో రూపాయి అన్న మాటే లేదు. "సొంత కూతురిలా చూసుకుంది" అని మాత్రం ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏ వేళప్పుడు ఎవరొచ్చినా వండి పెట్టింది, పైసా పుచ్చుకోలేదు. అది అన్నదానం. నువ్వు తిన్నది డబ్బిచ్చి తిన్న అన్నం. అందులో చిన్నతనమేమీ లేదు. డబ్బు తీసుకునే ఆవిడ తెల్లారకముందే లేచి నీకు నీళ్ళు కాచి పెట్టింది. ఆ పనికి విలువ కట్టకుండా ప్రేమ అనేస్తే ఆవిడ కష్టం నీ కాగితం మీద కనపడకుండా పోతుంది. సాయంత్రం నిన్ను "మేడమ్" అన్న మనిషి పొద్దున "అమ్మాయ్, స్వెట్టర్ మర్చిపోయావ్" అందని రాశావు. బ్రహ్మాండంగా ఉంది. ఆ రెండు పిలుపులూ చాలు, కూతురి మాట కొట్టెయ్.

"అమాయక గిరిజనులు" కూడా కొట్టెయ్. ఆ మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏజెన్సీలో, అంటే ఆ గిరిజన ప్రాంతాల్లో, భూమి గిరిజనేతరుల పేరు మీదకి మారకూడదని 1970 నాటి 1/70 చట్టం ఉంది. అయినా రోడ్డు పక్క హోటళ్ళలో గల్లాపెట్టె దగ్గర ఎవరున్నారు, పొయ్యి దగ్గర ఎవరున్నారు, వెదురు మోసుకొచ్చింది ఎవరు అని చూసేవాళ్ళకి చాలా తెలుస్తుంది. నిన్ను విచారణ కమిషన్ వెయ్యమనట్లేదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, నీ తర్వాత ఎవరు తిన్నారో చూసింది చూసినట్టు రాయి. నువ్వు దిగిన చోట ఆ ఇల్లాలిదే వంట, ఆవిడదే లెక్క అని నీ రాతని బట్టి అనిపిస్తోంది. అదే నిజమైతే గట్టిగా చెప్పాల్సిన సంగతి, దాన్ని ఎందుకు దాచావు?

రాత్రి గురించి "అడవి నిశ్శబ్దం" అన్నావు. భద్రాచలం వెళ్ళే రోడ్డు పక్కన గది నీది. లారీ ఘాట్ ఎక్కడానికి ముందు గేరు మార్చిన చప్పుడు వినలేదా? దోమతెర ఇచ్చారా, కాయిల్ వెలిగించారా? మలేరియా ఉన్న ప్రాంతం, వాళ్ళు తప్పకుండా ఏదో ఒకటి చేసే ఉంటారు. బాత్రూమ్ గడియ ఊడిపోయిందని నాకు ఫోన్లో చెప్పి నవ్వావు, వ్యాసంలో లేదు. పెట్టు. రేటింగ్ ఇచ్చేవాళ్ళలా దండించకు, బకెట్ అడ్డం పెట్టుకుని స్నానం చేశావు కదా, అది చెప్తే చాలు.

తిరగరాశాక ఆవిడ గురించిన పేరాలు ఫోన్ చేసి ఆవిడకే చదివి వినిపించు. పేరు వెయ్యొద్దంటే వెయ్యకు. ఏదైనా తప్పని చెప్తే దిద్దు, నచ్చలేదని చెప్తే మాత్రం ఆలోచించుకో, అన్నిటికీ ఒప్పుకోనక్కర్లేదు. బిల్లు కాగితం పారెయ్యకపోతే ఒకసారి చూసి గది అద్దె, కోడి ధర సరిగ్గా వెయ్యి. ఈ నెలాఖరులోపు పంపితే చూసిపెడతాను, తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది.

ఇట్లు,
మాస్టారు