సందేహాలు – సమాధానాలు: ఎన్నికా, ఎంపికా, ఏరివేతా?

సందేహం: జెనెటిక్ అల్గారిథమ్‌ల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. జీవపరిణామాన్ని అనుకరిస్తూ, పరిష్కారాలను తరతరాలుగా మెరుగుపరిచే కంప్యూటర్ పద్ధతులివి. ‘సెలెక్షన్’కు ఎన్నిక, ఎంపిక, వరణం, ఏరివేత – వీటిలో ఏది సరి? ‘బలహీన పరిష్కారాలు ఏరివేయబడతాయి’ అని రాస్తే మా గైడుగారు మార్చమన్నారు. తప్పేమిటి?
– ఒక ఎం.సి.ఎ. విద్యార్థిని, తిరుపతి

సమాధానం: గైడుగారి మాట నిజమమ్మా. ‘బడు’ సంగతి అలా ఉంచండి, అసలు చిక్కు ‘ఏరి’ పక్కన చేరిన ‘వేయు’తో. మన చిత్తూరు పల్లెల్లో చెనక్కాయలు ఒలిచి విత్తనానికి గింజలు ఏరడం చూసే ఉంటారు. ‘విత్తనాలు ఏరినారు’ అంటే మంచివి చేతికి తీసుకున్నారని. ‘పుచ్చులు ఏరేసినారు’ అంటే చెడ్డవి అవతల పారేశారని. క్రియ అదే, ‘వేయు’ చేరగానే అర్థం అటు తిరిగింది.

జెనెటిక్ అల్గారిథమ్ చేసేది విత్తనాలు ఏరే పని: తర్వాతి తరం పరిష్కారాలకు తల్లిదండ్రులను తీసుకోవడం. నాలుగు పరిష్కారాల యోగ్యతలు, అంటే ఎంత బాగా పనిచేస్తాయో చెప్పే మార్కులు, 50, 30, 15, 5 అనుకోండి. యోగ్యతను బట్టి గడి వెడల్పు ఉండే రౌలెట్ (జూదపు) చక్రం తిప్పితే అన్నిటికంటే బలహీనమైనదానికీ నూటికి 5 వంతుల అవకాశం ఉంటుంది. పనికొచ్చే ముక్క ఒకటి దానిలోనే ఉండవచ్చు. దాన్ని ఏరేశామని ఎలా అంటాం?

‘ఎన్నిక’ అంటే ఇప్పుడు ఓట్లే గుర్తొస్తాయి. స్వయంవరంలోని ‘వరణం’ డార్విన్ ‘ప్రకృతి వరణం’గా పాఠ్యపుస్తకాల్లో కుదురుకుంది, అక్కడే ఉండనివ్వండి. నేను ‘ఎంపిక’నే వాడతాను. ‘ఎంచు’ అంటే లెక్కపెట్టడం కూడా. అరవంలో ‘ఎణ్’ అంటే సంఖ్య. యోగ్యత లెక్కగట్టి తీసుకునే పనికి ఇంతకంటే అతికే మాట నాకు కనబడలేదు.

మేటివాటివైపు ఎంపిక ఎంత గట్టిగా మొగ్గుతుందో చెప్పే ‘సెలెక్షన్ ప్రెషర్’ను ‘ఎంపిక బిగువు’ అనండి, బిగించవచ్చు, సడలించవచ్చు. పై నాలుగింటికే టోర్నమెంట్ (చీటీలు తీసి, వచ్చినవాటిలో మేటిదాన్ని గెలిపించే పోటీ) పెట్టి, తీసిన చీటీ మళ్లీ డబ్బాలో వేస్తూ రెండేసి చీటీలు తీస్తే మేటిది గెలిచే అవకాశం 16లో 7. నాలుగేసి తీస్తే 256లో 175, అంటే నూటికి 68 వంతులు. బిగువు ఇలా పెరిగేకొద్దీ పరిష్కారాలన్నీ త్వరగా ఒకే మూసలో పడి, ఎదురైన మొదటి గుట్టనే కొండనుకుని ఆగిపోతాయి. మరీ సడలితే ఎక్కడివక్కడే తిరుగుతుంటాయి.

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: ‘బలమైన పరిష్కారాలను తరచుగా, బలహీనమైనవాటిని అరుదుగా ఎంచుకుంటుంది.’ యోగ్యత వరుసలో అడుగున ఉన్నవాటిని పూర్తిగా పక్కనపెట్టే ట్రంకేషన్ పద్ధతి ఒకటుంది. దాని గురించి చెప్పేచోట మాత్రం ‘ఏరేస్తుంది’ అని ధైర్యంగా రాయండి.