మేడమ్ కూడా తిరుపతి వస్తున్నారా?

ప్రశ్న: మేడమ్ గారూ, సికింద్రాబాద్‌లో ఒక ఐసీఎస్‌ఈ స్కూల్లో ఈ జూన్‌లోనే తెలుగు టీచర్‌గా చేరాను. ఆరో తరగతిలో 34 మంది ఉన్నారు. తొమ్మిది మంది ఇళ్లలోనే తెలుగు. మిగతావాళ్లవి హిందీ, మార్వాడీ, బెంగాలీ, తమిళం. కింది తరగతుల నుంచీ తెలుగు ఉంది కానీ బోర్డు చూసి ఎక్కించుకోవడం తప్ప చాలామందికి ఏమీ రాదు. ఈ ఏడే వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఏడాది చివరికి పిల్లలకు ఏం రావాలో 'లెర్నింగ్ అవుట్‌కమ్స్' రాసివ్వమన్నారు. 'గుణింతాలు పూర్తి చేయుట', 'పద్యభావము గ్రహించుట', 'సంధులను గుర్తించుట' ఇలా 41 రాశాను. రాశాక నాకే టెన్షన్ పట్టుకుంది. ఏవి ఉంచను?
– ఒక కొత్త టీచర్

జవాబు: అమ్మా, 'గుణింతాలు పూర్తి చేయుట' అన్నారు. పూర్తి చేసేది ఎవరు? మీరు. అది మీ పని, పిల్లకు వచ్చిన విద్య కాదు. మీ కాగితం ముందు పెట్టుకుని ప్రతి వాక్యాన్నీ 'ఈ పిల్ల తెలుగులో ఫలానా పని చేయగలదు' అని తిరగరాయండి. అలా రాయడానికి లొంగనిదాన్ని కొట్టెయ్యండి. 41లో పది మిగిలితే గొప్ప.

ఇది నేను పుట్టుకతో నేర్చిన తెలివి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆగస్టు దాకా గుణింతాలే రాయించాను. దసరా సెలవుల ముందు ఒక పిల్ల 'క' నుంచి 'ఱ' దాకా గుక్క తిప్పుకోకుండా చదివింది. చదివి, దాహమేసి, నా దగ్గరికొచ్చి సైగ చేసింది. 'మంచినీళ్లు కావాలి' అనడం ఆ పిల్లకు నేను నేర్పలేదు.

లిపి వద్దని కాదు. మీ పిల్లల్లో చాలామందికి హిందీ అక్షరాలు వచ్చు. క ఖ గ ఘ వరస వాళ్లకు కొత్త కాదు, కొత్త బొమ్మలు మాత్రమే. కాబట్టి అన్నిటినీ ఒకే తూకంతో చెప్పకండి. హిందీలో హ్రస్వమైన ఎ, ఒ లేవు. అందుకే 'చెట్టు'ని 'చేట్టు' అనీ 'కొడుకు'ని 'కోడుకు' అనీ రాస్తారు. రెండో చిక్కు వత్తులు. 'పిల్లి'లో రెండో గుడి పై ల మీద ఉంటుంది, పలికేది మాత్రం కింది వత్తుతో. హిందీలో 'బిల్లీ' రాస్తే సగం ల ముందు, గుర్తున్న నిండు ల తర్వాత. దానికి అలవాటుపడ్డ కన్ను 'పిలిల' అని చదువుతుంది. అది బద్ధకం కాదు, ఆ రెండు చోట్లా వారాల కొద్దీ ఆగండి. మిగతాది పరుగెత్తించండి.

వ్యాకరణం సంగతి. ఆరో తరగతికి సంధుల పేర్లు తీసెయ్యండి. వాటి చోట 'మనం', 'మేము' పెట్టండి. హిందీలో రెండిటికీ 'హమ్' ఒక్కటే. ఒకసారి మా క్లాసులో మార్వాడీ కుర్రాడు లేచి 'మేడమ్, ఆదివారం మనం తిరుపతి వెళ్తున్నాం' అన్నాడు. వెనక బెంచీలోంచి ఒకడు 'మేడమ్ కూడా వస్తున్నారా?' అన్నాడు. నేను బ్యాగు సర్దుకుంటున్నట్టు చేశాను. ఆ రోజు తర్వాత ఆ క్లాసులో ఆ తప్పు ఎవరూ చేయలేదు, చేస్తే పక్కవాళ్లే 'మేడమ్ కూడానా?' అని ఆటపట్టించేవాళ్లు. 'నాకు రెండు అన్నలు' అనేవాళ్లకు 'ఇద్దరు, ముగ్గురు' కూడా ఇలా మాటల్లోనే పట్టుబడాలి.

ఇంకొకటి మీ కాగితంలో అసలు లేదు: వినడం. పుస్తకంలో 'వస్తున్నాను' అని ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ 'వస్తున్న' అంటాడు. కూరగాయలామె 'ఏం గావాలె బిడ్డా' అంటుంది. పిల్లలు బయట వినేది ఆ తెలుగు, అది తప్పు తెలుగు కాదు. విని అర్థం చేసుకోవాలి, తను రాసేటప్పుడు పుస్తకంలోలా రాయాలి. ఈ రెండూ విడివిడిగా పెట్టుకోండి.

నేనైతే ఆరుకు ఇవి రాస్తాను: తెలియని మనిషితో నాలుగు మాటలు అడిగి, జవాబు విని, మళ్లీ అడగగలగాలి. స్కూలు నుంచి ఇంటికి వెళ్లే దారిలో సిటీ బస్సు బోర్డు, దుకాణాల బోర్డులు చదవాలి. తన ఇంటి గురించి ఐదు వాక్యాలు, క్రియ చివర వచ్చేలా, చూడకుండా రాయాలి. ఏడులో నిన్న జరిగిన సంగతి వరసగా చెప్పాలి. ఎనిమిదిలో పేపర్లో చిన్న వార్త చదివి సొంత మాటల్లో చెప్పాలి, సెలవు చీటీ రాయాలి. పద్యాలు ఉండనివ్వండి, రాగం కోసం. భావం పరీక్ష పెట్టకండి.

ఇంట్లో తెలుగున్న ఆ తొమ్మిది మందికి ఇవే లక్ష్యాలు పెడితే ఏడాదంతా గోళ్లు గిల్లుకుంటారు. వాళ్లకు మాట వచ్చు, రాత రాదు. అమ్మమ్మ చెప్పిన కథ ఒక పేజీ రాయడం వాళ్ల లక్ష్యం. మిగతావాళ్లకు జోడీగా కూర్చోబెట్టండి, కానీ వాళ్లని మీ బదులు టీచర్లను చేయకండి.

'ఇవన్నీ ఎలా పరీక్షిస్తారు?' అని పైవాళ్లు అడుగుతారు. పిల్లకు రెండు నిమిషాలు, రోజుకు ఐదుగురు. ఏడు రోజుల్లో 34 మందీ అయిపోతారు. మిగతావాళ్లు ఆ సమయంలో రాసుకుంటూ ఉంటారు. పేరు ఎదురుగా 'తనంతట చెప్పింది', 'అందిస్తే చెప్పింది', 'ఇంకా లేదు' అని మూడే గళ్లు.

'మరి పోర్షన్?' అని కూడా అడుగుతారు. తెలంగాణలో అన్ని స్కూళ్లలో తెలుగు తప్పనిసరి చేసిన 2018 చట్టం వచ్చాక, తెలుగు ఇంటిభాష కాని పిల్లలకు మామూలు తెలుగు పాఠ్యపుస్తకం 'సింగిడి' బరువవుతోందని తొమ్మిది, పది తరగతులకు 'వెన్నెల' అనే సరళ తెలుగు పుస్తకం వాడమని ప్రభుత్వమే 2025లో చెప్పింది. (సింగిడి అంటే ఇంద్రధనుస్సు. అంత అందమైన మాట బరువని పేరు తెచ్చుకోవడం నాకు కష్టంగానే ఉంది.) ప్రభుత్వం చెప్పిన ఆ మాట మీ ప్రిన్సిపాల్ గారికి గుర్తు చేయండి. కొట్టేసిన 31 కూడా పారెయ్యకండి. కొన్ని ఎనిమిదికి పనికొస్తాయి. తిరగరాసిన కాగితం నాకు పంపితే వచ్చే నెల చూస్తాను.