పంచభూతాల సబ్బులకు రంగులు, పరిమళాలు: క్షారం ఒప్పుకున్నవే ఎంచుకోండి

గృహప్రవేశానికి వచ్చే బంధువులకు పంచభూతాల పేరిట ఐదు రకాల సబ్బులు ఇంట్లోనే చేసి ఇవ్వాలనుకుంటున్నామని, నిప్పుకు మందారం, నీటికి శంఖపుష్పం, గాలికి మల్లె, భూమికి పొలం మట్టి, ఆకాశానికి ఏదైనా నీలం అనుకున్నామని, ఇవి సరిపోతాయా అని మీరు అడిగారు. కాకినాడలో మా ఇంటి వెనక వరండాలో ఆరేళ్లుగా సబ్బులు చేస్తున్నాను. మీ జాబితాలో మొదటి మూడూ నేను చేసి చెడగొట్టుకున్నవే కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మనసులో ఉన్న రంగు వేరు, సబ్బులో మిగిలే రంగు వేరు. నూనెలో కాస్టిక్ సోడా ద్రావణం కలిపి వేడి పెట్టకుండా చేసే పద్ధతిలో ఆ మిశ్రమం మొదట్లో గాఢమైన క్షారంగా ఉంటుంది, పూర్తిగా ఆరిన సబ్బు కూడా క్షార గుణంతోనే ఉంటుంది. మందారం, శంఖపుష్పం, గులాబీ వంటి పువ్వుల రంగులు ఆ క్షారాన్ని తట్టుకోలేవు. ముదురు ఎరుపులో ఉన్న మందార పొడి నా కళ్ల ముందే ఆకుపచ్చగా మారిపోయి, మర్నాటికి బూడిద కలిసిన గోధుమ రంగులో తేలింది. నిమ్మరసం పిండితే ఊదాగా మారే శంఖపుష్పం నీలం, సబ్బులో పడేసరికి ఆకుపచ్చ మీదుగా మట్టి రంగుకు దిగిపోయింది. నీటి పేరు పెట్టిన ఆ సబ్బును చూసి మా ఆడపడుచు, ఇది గోదావరికి వరదొచ్చినప్పటి నీరా వదినా అని అడిగింది.

పసుపు సంగతి మీరు అడగలేదు గానీ, నిప్పుకు మందారం కాదంటే వెంటనే అందరికీ తోచేది అదే కనుక చెబుతాను. పసుపు కలిపిన నూనెలో సోడా ద్రావణం సన్నటి ధారగా పోస్తుంటే, ధార పడిన చోటల్లా పారాణి ఎరుపు పుట్టి, గరిటె తిప్పేకొద్దీ గిన్నె అంతా పాకుతుంది. పెళ్లింట్లో పసుపులో సున్నం కలిపినప్పుడు జరిగేదీ ఇదే. ఆ ఎరుపు చూసి నేను మురిసిపోయాను. అయితే సబ్బు ఆరేకొద్దీ, క్షారం తీవ్రత తగ్గేకొద్దీ అది నారింజకు, తర్వాత ఆవపిండి రంగుకు తగ్గింది. కిటికీ దగ్గర పెట్టిన ముక్కలైతే రెండు నెలల్లో పాలిపోయాయి, ఎందుకంటే పసుపు రంగుకు వెలుతురు కూడా పడదు. వెంటనే వాడుకునే సబ్బుకు పసుపు పరవాలేదు, కానుకగా ఇచ్చి నెలల తరబడి అలమరలో ఉండే సబ్బుకు పనికిరాదు.

క్షారాన్ని తట్టుకునేవి వేరే ఉన్నాయి. ఇనుము వల్ల రంగు వచ్చిన ఎర్ర కావి, ముల్తానీ మట్టి, తెల్లని కేవోలిన్ మట్టి, యాక్టివేటెడ్ బొగ్గు పొడి మారవు. జాఫ్రా (అన్నాటో) గింజలు నూనెలో నారింజ రంగును వదులుతాయి, అది క్షారాన్ని తట్టుకుంటుంది. మంజిష్ఠ గులాబీ నుంచి ఊదా వరకు పోతుంది. నీలిమందు సంగతి చెప్పనే అక్కర్లేదు. అద్దకం పనివాళ్లు నీలిమందు తొట్టిలో సున్నం వేసి మరీ దాన్ని లొంగదీసుకుంటారు కాబట్టి, క్షారం దానికి పాత చుట్టమే.

పరిమళం విషయంలో మన శాస్త్రాలలోని ఒక మాట నాకు బాగా ఉపయోగపడింది. ఆకాశానికి శబ్దం, గాలికి స్పర్శ, నిప్పుకు రూపం, నీటికి రుచి, భూమికి గంధం విశేష గుణాలని తర్కం చదువుకున్నవాళ్లు చెబుతారు. అంటే వాసన అన్నది న్యాయంగా భూమి సొత్తు, మిగిలిన నాలుగింటికీ మనం అరువు తెచ్చి పెట్టేదే. అందుకని నిప్పు వాసన ఏమిటి, నీటి వాసన ఏమిటి అని తల పట్టుకోవడం మానేసి, ఆ భూతం మన ఇళ్లలో ఏ వాసనతో కలిసి తిరుగుతుందో ఆలోచించడం మొదలుపెట్టాను.

కింద చెప్పే కొలతలన్నీ 500 గ్రాముల నూనెకు. నేను వాడేది కొబ్బరి నూనె 250, తవుడు నూనె 200, ఆముదం 50 గ్రాములు. ఐదు శాతం నూనె సబ్బుగా మారకుండా మిగిలేలా లెక్కిస్తే కాస్టిక్ సోడా సుమారు 75 గ్రాములు వస్తుంది. మీ నూనెలు మారితే సోడా లెక్క కూడా మారుతుంది కనుక నా అంకెను గుడ్డిగా తీసుకోకుండా మళ్లీ లెక్కవేసుకోండి. సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు. సత్తు గిన్నెలు అసలు వాడకూడదు. సోడా అల్యూమినియాన్ని తినేసి, మండే వాయువును వదులుతుంది. స్టీలు గిన్నె, చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

భూమికి వట్టివేరు తైలాన్ని మించినది లేదు. చౌక కాదు కాబట్టి నేను 5 గ్రాముల వట్టివేరుకు 7 గ్రాముల పచౌలి ఆకు తైలం జత చేస్తాను. రెండూ బరువైన వాసనలే, ఆరు వారాలు ఆరిన తర్వాత కూడా తగ్గవు. తొలకరి వాసనే కావాలనుకుంటే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని నీళ్లలో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టే మిట్టీ అత్తరు ఉంది. దాన్ని సబ్బులో పోసి కడిగేయడానికి నాకు చేతులు రాలేదు, మణికట్టుకు రాసుకుంటాను. రంగుకు ముల్తానీ మట్టి ఒక చెంచా, ఎర్ర కావి పావు చెంచా చాలు. మీరన్న పొలం మట్టి మాత్రం వద్దు. మీ తాతగారి పొలం మీద మీకున్న ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ అందులో ఏ సూక్ష్మజీవులున్నాయో, ఏ మందులు ఇంకాయో మనకు తెలియదు. సౌందర్య సాధనాల కోసం శుద్ధి చేసిన మట్టినే కొనండి. కావి కూడా అలాంటిదే కావాలి.

నిప్పు దగ్గర నేను ఎక్కువ సరుకు పాడుచేశాను. లవంగ తైలం వేడిగా ఘాటుగా ఉంటుంది కదా అని మొదటిసారి ధారాళంగా పోశాను. పెరుగులా జారుతున్న మిశ్రమం అర నిమిషంలో ఉప్మాలా గట్టిపడిపోయి, గరిటె అందులోనే నిలబడింది. లవంగం, దాల్చినచెక్క తైలాలకు ఆ గుణం ఉంది, పైగా మోతాదు మించితే చర్మాన్ని మండిస్తాయి. ఇప్పుడు లవంగం 2 గ్రాములు దాటనివ్వను, అదీ చివర్లో గరిటెతో కలుపుతాను, బ్లెండర్ పెట్టను. దానికి తోడు సాంబ్రాణి తైలం 6 గ్రాములు వేస్తే సాయంత్రం ధూపం వేసిన గది గుర్తొస్తుంది. సాంబ్రాణి సబ్బును కొంత గోధుమ రంగుకు లాగుతుంది, కానీ కింద జాఫ్రా నారింజ ఉంటుంది కాబట్టి మొత్తం కలిసి నిప్పుకణిక రంగులా కుదురుతుంది. జాఫ్రా గింజలు ఒక పెద్ద చెంచాడు, గోరువెచ్చని తవుడు నూనెలో రెండు మూడు గంటలు ఉంచి వడకడితే సరిపోతుంది.

నీటికి నీలం రంగు వేయాలన్న పట్టుదల వదిలేయమని నా సలహా. మన ఆగమాలలో జలానికి చెప్పిన రంగు తెలుపు. కొబ్బరి నూనె వాటా 400 గ్రాములకు పెంచి, సోడా లెక్క మార్చుకుని, మెత్తటి ఉప్పు 250 గ్రాములు కలిపితే చలువరాయిలాంటి తెల్లని సబ్బు వస్తుంది. ఉప్పులో నురగనిచ్చేది కొబ్బరి నూనే. ఇది తొందరగా పెళుసుబారుతుంది, కత్తి పెడితే విరుగుతుంది, అందుకని విడివిడి అచ్చుల్లో పోయండి. వాసనకు గుడిలో తీర్థం తలుచుకోండి: తులసి తైలం 4 గ్రాముల్లో పచ్చకర్పూరం ఒక గ్రాము కరిగించి కలిపాను. అరచేతిలో నురగ రాగానే మా అత్తగారు అలవాటుగా చేయి పెదవుల దాకా తీసుకెళ్లి ఆగిపోయారు. కర్పూరం ఉంది కాబట్టి చంటిపిల్లలున్న ఇంటికి ఈ సబ్బు ఇవ్వకండి.

గాలికి మల్లె ఎందుకు వద్దంటే, మల్లెపూల అసలు సారం చాలా ఖరీదు, తక్కువ ధరకు దొరికేది కృత్రిమం. నేను కొన్న కృత్రిమ పూల వాసన కూడా లవంగంలాగే మిశ్రమాన్ని బిగదీసింది. దాని బదులు నిమ్మగడ్డి తైలం 8 గ్రాములు, నీలగిరి తైలం 3 గ్రాములు వాడండి. నిమ్మ, నారింజ తొక్కల తైలాలు ఆరేలోపే ఎగిరిపోతాయి గానీ నిమ్మగడ్డి చాలావరకు నిలుస్తుంది. అందులో ఒక గ్రాము వట్టివేరు కలిపితే ఇంకా పట్టి ఉంచుతుంది. రంగుకు చిటికెడు బొగ్గు పొడి వేస్తే పొగ రంగు వస్తుంది, నిమ్మగడ్డి పసుపుదనం వల్ల అది కాస్త పచ్చబారుతుంది. నాకు అదే నచ్చింది.

ఐదూ పెద్ద మొత్తంలో చేసేముందు చిన్న కప్పుల్లో రంగులు పరీక్షించుకోండి. ఒక్కొక్క ముక్కకు సగం మీద వార్తాపత్రిక చుట్టి, మూడు వారాలు కిటికీలో పెట్టి, కాగితం విప్పి చూస్తే ఏ రంగు వెలుతురుకు ఓడిందో గీత గీసినట్టు కనిపిస్తుంది. మన ఎండల్లో అచ్చులకు తువ్వాలు చుట్టకండి. మధ్యలో వేడి పెరిగి, కోసినప్పుడు లోపల ముదురు వలయం కనిపిస్తుంది. ఆరడానికి ఆరు వారాలు, పరీక్షకు మూడు వారాలు కలుపుకుని ముహూర్తానికి పది వారాల ముందే మొదలుపెట్టండి.

ఇక ఆకాశం. నీలిమందు పావు చెంచా నూనెలో మెత్తగా నూరి వేశాను, సంధ్య దాటాక కనిపించే నీలం వచ్చింది. ఎక్కువ వేస్తే నురగ కూడా నీలమై తువ్వాళ్లకు అంటుకుంటుంది. వాసన ఏదీ వేయలేదు. శబ్దం తప్ప మరో విశేష గుణం లేనిదానికి నేనెందుకు తగిలించాలి అనిపించింది, పైగా వాసనలు పడని బంధువులు ప్రతి కుటుంబంలోనూ ఒకరిద్దరు ఉంటారు. అయితే ఐదింటినీ ఒకే అట్టపెట్టెలో నెల రోజులు ఉంచితే ఆకాశం సబ్బుకు వట్టివేరు వాసన పట్టేసింది. మీరు దాన్ని మాత్రం విడిగా ఆరబెట్టి, విడి కాగితంలో చుట్టి, పంచే రోజునే మిగతా నాలుగింటితో కలపండి.