ఏడు రోజుల్లో మూడు దేశాలు వద్దని భర్తకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాము. మా పాపకు 12 ఏళ్లు, బాబుకు 5 ఏళ్లు. రెండేళ్ల క్రితం వేసవి సెలవుల్లో అత్తగారిని కూడా తీసుకుని దుబాయ్ వెళ్లాము. పొద్దున్న ఏడింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా తిరిగేలా మావారు ప్లాన్ వేశారు. మూడో రోజుకే బాబుకు జ్వరం వచ్చింది, అత్తగారికి కాళ్లు వాచాయి. తిరుగు విమానంలో మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఈ మే నెలలో సింగపూర్, కౌలాలంపూర్, బాలి మూడింటినీ ఏడు రోజుల్లో చూసి రావాలని ఆయన పట్టుదల. “మళ్లీ మళ్లీ వెళ్తామా?” అంటున్నారు. పాప రానంటోంది. వద్దంటే ఆయన సరదాను నేనే పాడు చేసినట్టవుతుంది, సరేనంటే నాకు ఇప్పటి నుంచే గుండె దడ. ఏం చేయాలి? – ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరం చదివితే మీకు ప్రయాణమంటే భయం లేదని తెలుస్తూనే ఉంది. ఎక్కడికి వెళ్లాలో, ఎంత తిరగాలో ఒకరు నిర్ణయించడం, పిల్లవాడి జ్వరం, పెద్దావిడ కాళ్ల వాపు, అందరి ఆకలి, అలసట మరొకరు మోయడం, ఈ ఏర్పాటు మళ్లీ జరగబోతోందన్నదే మీ దడకు కారణం. దానికి సిగ్గుపడవలసిన పని లేదు. అదే సమయంలో మీ భర్తను కూడా అర్థం చేసుకోవాలి. ఏడాదంతా కూడబెట్టిన డబ్బు ఖర్చు పెడుతున్నప్పుడు పిల్లలకు ఒక్క వింత కూడా తప్పిపోకూడదని ఆయన తాపత్రయపడుతున్నారు. అది ప్రేమే. అందుకే “వద్దు” అన్న మాటతో ఆయన ముందుకు వెళ్లకండి. ఒక కాగితం, పెన్ను తీసుకుని ఇద్దరూ కూర్చుని లెక్క వేయండి.

ఏడు రోజుల్లో మొదటి రోజు, చివరి రోజు విమానాలకే పోతాయి. సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కు విమానంలో గంట, అక్కడి నుంచి బాలికి మూడు గంటలే కావచ్చు. కానీ గది ఖాళీ చేయడం, రెండు మూడు గంటల ముందు విమానాశ్రయం చేరడం, ఇమ్మిగ్రేషన్ వరుసలో నిలబడడం, సామాను అందుకోవడం, కొత్త హోటల్ వెతుక్కోవడం, అయిదేళ్ల పిల్లవాడికి వేళకు తినిపించడం అన్నీ కలిస్తే దేశం మారిన ప్రతిసారీ ఒక పగలు దాదాపు పూర్తిగా కరిగిపోతుంది. అలా చూస్తే మూడు దేశాలకు కలిపి మీకు మిగిలేది మూడు రోజులే. ఈ లెక్కను ఆయన చేతే వేయించండి. డబ్బుకు తగిన ఫలితం రావాలన్నది ఆయన వాదనే కనుక, ఆ వాదన నుంచే ఒకే ఊరికి వెళ్లడం మేలన్న నిర్ణయానికి ఆయన రావడం కష్టం కాదు.

నన్నడిగితే ఈసారికి సింగపూర్ ఒక్కటే చాలు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, ప్రయాణం నాలుగైదు గంటలకు మించదు. మనకంటే అక్కడి గడియారం రెండున్నర గంటలు మాత్రమే ముందుంటుంది కనుక పిల్లల నిద్ర పెద్దగా చెదరదు. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి. శాకాహారం కోసం వెతుక్కునే పని లేదు, సెరంగూన్ రోడ్డు చుట్టూ ఉన్న లిటిల్ ఇండియాలో ఇడ్లీ, పెరుగన్నం కూడా దొరుకుతాయి. మన బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. అక్కడి బడులకు మే చివరి నుంచి దాదాపు నెల రోజులు సెలవులు కావడంతో, ఆ సమయంలో జంతు ప్రదర్శనశాల, వినోద దీవి సెంటోసా వంటి చోట్ల రద్దీ పెరుగుతుంది. కాబట్టి మే మొదటి సగంలోనే వెళ్లి రండి.

అక్కడ రోజు ఎలా గడపాలన్నది ఊరి ఎంపిక కంటే ముఖ్యం. సింగపూర్ భూమధ్యరేఖకు దగ్గరగా ఉంది. మన మే నెల ఎండంత మంట ఉండదు గానీ ఉక్క విపరీతం, మధ్యాహ్నాలు తరచుగా ఉరుములతో వాన పడుతుంది. ఉదయం ఒకచోటికి వెళ్లి, మధ్యాహ్నానికి గదికి తిరిగి వచ్చి, భోజనం, నిద్ర, ఈతకొలను అయ్యాక సాయంత్రం మళ్లీ బయటికి వెళ్లే పద్ధతి అక్కడి వాతావరణానికీ, పసివాళ్లకూ, వృద్ధులకూ సరిపోతుంది. డబ్బు పెట్టి చూసే పెద్ద ప్రదేశం రోజుకు ఒక్కటే ఉండాలని నియమం పెట్టుకోండి. మండాయ్‌లోని జూకు ఉదయం వెళ్తే, 1994లో మొదలైన నైట్ సఫారీని అదే రోజుకు జతచేయకండి. చీకటి పడ్డాక సాగే ఆ యాత్ర ముగిసేసరికి మీ బాబు నిద్రవేళ దాటిపోతుంది. గార్డెన్స్ బై ద బేలో సాయంత్రం వేళ ఎత్తైన కృత్రిమ వృక్షాల మీద జరిగే దీపాల ప్రదర్శనకు టికెట్టు లేదు, అక్కడే పిల్లలు నీళ్లలో ఆడుకునే చోటు కూడా ఉంది. యునెస్కో 2015లో వారసత్వ స్థలంగా గుర్తించిన బొటానిక్ గార్డెన్స్‌లోకి కూడా ఉచితంగానే వెళ్లవచ్చు. సినిమాల ఇతివృత్తాలతో కట్టిన వినోద పార్కు యూనివర్సల్ స్టూడియోస్‌కు మాత్రం ఒక రోజంతా కావాలి. అక్కడికి అయిదుగురూ వెళ్లవలసిన అవసరం లేదు. తండ్రీ కూతుళ్లిద్దరూ వెళ్లి రానివ్వండి. కుటుంబమంతా అన్ని గంటలూ కలిసే ఉండాలన్న పట్టింపే చాలా ఇళ్లలో గొడవకు మూలమవుతోందని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి రోజు గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. రాత్రి బయలుదేరే విమానమెక్కితే తెల్లవారేసరికి అక్కడ దిగుతారు, హోటళ్లు మాత్రం సాధారణంగా మధ్యాహ్నం రెండు మూడు గంటలకు గాని గది ఇవ్వవు. నిద్ర లేని పిల్లలతో లాబీలో గడిపే ఆ ఆరేడు గంటల్లోనే మొదటి కీచులాట పుడుతుంది. కొంత ఎక్కువ చెల్లించైనా సరే, ఉదయమే గది ఇచ్చేలా ముందుగా మాట్లాడుకోండి, లేదా పగటి విమానం చూసుకోండి. ఆ రోజుకు చూడవలసిన ప్రదేశమేదీ పెట్టుకోకండి.

మీ అత్తగారికి ఏం కావాలో ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. ఆవిడను అడగవలసింది మీ భర్తే. కోడలు అడిగితే ‘నన్ను వదిలేసి వెళ్లాలని చూస్తోంది’ అనిపించవచ్చు, కొడుకు అడిగితే మనసులో మాట చెబుతారు. ఆ వారం కూతురి ఇంట్లోనో, అక్కచెల్లెళ్ల దగ్గరో ఉండాలని ఆవిడకే ఉంటే, అది కూడా గౌరవించవలసిన కోరికే. వస్తానంటే మాత్రం టికెట్టు తీసుకునేటప్పుడే విమానాశ్రయంలో వీల్‌చైర్ కోరండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు బీపీ, షుగర్ వంటివి ఉంటే దాచకుండా రాయండి, దాచితే అవసరమైనప్పుడు బీమా సంస్థ చెల్లించకపోవచ్చు. మందులను డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే ఉంచాలి. నిద్రమాత్రలు, కొన్ని రకాల నొప్పి మందులు తీసుకెళ్లడానికి సింగపూర్‌లో ముందస్తు అనుమతి కావాలి కనుక ఆ చీటీని ముందుగా సరిచూసుకోండి. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. గసగసాలు అక్కడ నిషిద్ధ వస్తువు. ఇంటి నుంచి తీసుకెళ్లే మసాలా పొడుల్లో అవి లేకుండా చూసుకోండి. ఊరగాయ సీసాలు చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీయించేస్తారు, వాటిని పెద్ద సామానులోనే సర్దాలి. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ ఆలయానికి ఒక ఉదయం ఆవిడ కోసమే కేటాయిస్తే, ప్రయాణంలో తనకంటూ ఒక రోజు ఉందని ఆవిడకు తెలుస్తుంది.

పాప రానంటోందని రాశారు. పన్నెండేళ్ల పిల్ల రానంటే చాలాసార్లు దాని అర్థం, ‘నన్నెవరూ అడగలేదు’ అనే. బతిమాలడం, కోప్పడడం రెండూ మానేసి, ఒక రోజు ప్లాన్ పూర్తిగా ఆమెకు అప్పగించండి. ఆ రోజుకు ఎంత ఖర్చు పెట్టవచ్చో చెప్పి, ఏ మెట్రో ఎక్కాలో, ఎక్కడ తినాలో ఆమెనే చూడమనండి. ఆమె ఎంపిక మీకు చప్పగా అనిపించినా మార్చకండి.

ఇక మీ సంగతి. ఉత్తరంలో అందరి ఇబ్బందులూ రాశారు గానీ, మీకు ఏం చూడాలని ఉందో ఒక్క మాట కూడా రాయలేదు. అది నన్ను చాలాసేపు బాధపెట్టింది. బట్టలు సర్దడం, మందుల పెట్టె, పిల్లల తిండి మీవి అయితే, పాస్‌పోర్టులు, వీసాలు, బీమా, డబ్బు మార్పిడి, రోజూ రాత్రి మర్నాటి టికెట్లు సరిచూడడం ఆయనవి అని ఇప్పుడే కాగితం మీద పంచుకోండి. పాప పాస్‌పోర్టును ముందు చూడమనండి. చిన్నపిల్లల పాస్‌పోర్టు గడువు సాధారణంగా అయిదేళ్లే ఉంటుంది, సింగపూర్‌కు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. అక్కడికి చేరే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపవలసిన అరైవల్ కార్డు కూడా ఆయన పనే, దానికి రుసుము లేదు. ఒక పూట పిల్లలిద్దరూ తండ్రితో ఉండాలి, మీరు మీకు నచ్చినట్టు గడపాలి. ఈ పూటను ప్లానులో తేదీతో సహా రాయించండి. రాయకపోతే అది జరగదు.

మాట ఎత్తడానికి ఒక ఆదివారం పొద్దున్న మంచిది, రాత్రి అలసిపోయి ఉన్నప్పుడు వద్దు. “పోయినసారి మీరు అలా చేశారు” అని మొదలుపెట్టకుండా, “పోయినసారి నేను చాలా అలిసిపోయాను, ఈసారి మీతో కలిసి సంతోషంగా తిరగాలని ఉంది, కూర్చుని లెక్క వేద్దామా?” అని అడగండి. ఆయన రెండో దేశం ఉండాల్సిందేనంటే, రోజులు పెంచి కౌలాలంపూర్ ఒక్కటి కలపడానికి ఒప్పుకోండి. బాలిని మరో ఏడాదికి పెట్టుకోవచ్చు. అదే ఏడు రోజుల్లో మూడూ అని పట్టుబడితే మాత్రం టికెట్లు కొనక ముందే, “అలసిన రోజున నేనూ బాబూ గదిలో ఉండిపోతాం, అందుకు మీరు నొచ్చుకోకూడదు” అని ఆయన దగ్గర మాట తీసుకోండి.