పులిని దత్తత తీసుకుంటే ఈఎంఐ ఎవరు కడతారు?

గాజువాక నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించి ఇస్తున్నాను.

"మా పాపకి వచ్చే నెల తొమ్మిదో ఏడు వస్తుంది. ఈసారి పార్టీ వద్దట. విశాఖ జూలో పులిని దత్తత తీసుకుందామని పట్టుపట్టింది. ఏడాదికి లక్ష దాకా అవుతుందని ఎవరో చెప్పారు. మా వారు వినగానే, 'ఆ లక్ష మ్యూచువల్ ఫండ్ సిప్‌లో వేస్తే పదేళ్ళకి మూడు లక్షలవుతుంది, పులికెందుకు?' అన్నారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు సగం తను వేస్తానంటున్నాడు. మా అత్తగారైతే తన పేరున ఉన్న లక్షన్నర డిపాజిట్ తీసేయమంటున్నారు. పన్ను మినహాయింపు కూడా వస్తుందని విన్నాను. నా జీతం ఏడాదికి ఆరు లక్షలు, ఆయనది ఎనిమిది లక్షల నలభై వేలు. ఇంటి లోను ఈఎంఐ 34,000. బ్యాంకులో లక్షా నలభై వేలు ఉన్నాయి. సిప్ నెలకి 8,000. ఆయనకి ఒక మనీబ్యాక్ పాలసీ ఉంది. పోయినేడు పుట్టినరోజుకి హాలు, భోజనాలు, కేకు అన్నీ కలిపి 42,000 అయింది. ఏం చేయమంటారు?"

అమ్మా, పులి వద్దు. పాప మాట మాత్రం తీసేయకండి. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో చెప్తాను.

దత్తత అనే మాట పెద్దది గానీ, జూలో దాని అర్థం చిన్నది. జంతువు మీదైపోదు, ఇంటికి రాదు, పేరు మార్చే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులి కాదు కదా, పంజరంలో రామచిలకని పెంచుకోవడం కూడా నేరమే. (మన వీధుల్లో చిలకల పంజరాలు లేవా అంటే ఉన్నాయి. అది వేరే కథ.) మీరిచ్చేది ఆ జంతువు తిండికీ మందులకీ ఒక విరాళం. బదులుగా ఒక ధ్రువపత్రం, మొత్తాన్ని బట్టి ఎన్‌క్లోజర్ దగ్గర బోర్డు మీద పేరు, ఒక్కోచోట ప్రవేశ టికెట్లు ఇస్తారు. అంతకు మించి ఏమీ రాదని పాపకి ముందే చెప్పండి. జూకి వెళ్ళి "నా పులిని ముట్టుకోనివ్వరా?" అని ఏడిస్తే మీకే కష్టం.

లక్ష అన్న అంకె ఎక్కడిదంటే, 2021లో హైదరాబాద్ నెహ్రూ జూలో స్టేట్ బ్యాంక్ 15 పులుల్ని ఏడాదికి దత్తత తీసుకుని 15 లక్షల చెక్కు ఇచ్చింది. ఒక్కో పులికి లక్ష అన్న మాట. ధరలు జూ జూకీ మారతాయి, ఎప్పటికప్పుడు సవరిస్తారు కూడా. కాబట్టి కట్టే ముందు మీ జూ కార్యాలయంలోనే పట్టిక అడగండి.

అయితే ఆ లక్షతో పులి ఏడాదంతా తింటుందా? లెక్క వేద్దాం. జూలో పెద్దపులికి రోజుకి ఎనిమిది కిలోల మాంసం అనుకోండి. వారానికి ఒకరోజు పస్తు ఉంచుతారు, అడవిలోనూ దానికి రోజూ వేట దొరకదు కదా. అంటే ఏడాదికి 313 రోజులు, దాదాపు 2,500 కిలోలు. కిలో రెండొందలే అనుకున్నా ఐదు లక్షలు. డాక్టరు, కీపరు జీతం, ఎండాకాలంలో కూలర్లు, నీళ్ళు, కంచె మరమ్మతు ఇంకా లెక్కలోకి రాలేదు. ఈ లెక్కన లక్ష ఇచ్చినవాడు పులిని పోషించడం లేదు, పోషణలో ఒక చేయి వేస్తున్నాడు. పదివేలిచ్చినా వేసేది అలాంటి చేయే, కాస్త చిన్నది.

జూలకి ఈ చేతులు ఎందుకు కావాలో విశాఖవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కంబాలకొండ పక్కనున్న మన జూలో చెట్లు నేలకూలాయి, గోడలు పడిపోయాయి, కొన్నాళ్ళు గేటే తెరవలేదు. 2020లో కోవిడ్ వచ్చి దేశంలో జూలన్నీ మూతపడ్డాయి. 2021 మేలో హైదరాబాద్ జూలో ఎనిమిది ఆసియా సింహాలకి కోవిడ్ సోకింది. అప్పుడు గేటు దగ్గర వచ్చే టికెట్ డబ్బు సున్నా. లోపల ఆకళ్ళు మాత్రం అంతే ఉన్నాయి. ఏటా తప్పకుండా వచ్చే చిన్న మొత్తాలు అలాంటప్పుడే అక్కరకొస్తాయి. ఒకసారి ఫొటో దిగి మళ్ళీ కనపడని పెద్ద చెక్కు కంటే, పదేళ్ళు వరసగా వచ్చే పదివేలే నయమని నా అభిప్రాయం.

ఇక మీ ఇంటి లెక్క. మీ వారి మాటలో తప్పు లేదు. 12 శాతం చొప్పున లక్ష పదేళ్ళకి మూడు లక్షల పది వేలవుతుంది, ఆ రాబడి వస్తే. కానీ ఆయన తప్పు వరసలో కూడారు. విరాళాన్ని సిప్‌తో పోల్చకూడదు, పుట్టినరోజు ఖర్చుతో పోల్చాలి. పోయినేడు హాలుకీ కేకుకీ పెట్టిన 42,000 సిప్‌లో వేసి ఉంటే అని ఆయన అప్పుడు అడగలేదు కదా! ఆ డబ్బు ఎలాగూ పోయేదే. అందులోంచే దత్తత తీయండి.

ఆయన మాటకంటే నన్ను భయపెట్టింది మీ ఉత్తరంలో ఇంకొకటి ఉంది. ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు డెబ్భై ఐదు వేల దాకా ఉంటుంది. బ్యాంకులో ఉన్న లక్షా నలభై వేలు రెండు నెలలకి కూడా చాలవు. ఇందులోంచి లక్ష తీసి పులికిస్తే మిగిలేది నలభై వేలు, అంటే పదహారు రోజుల ఖర్చు. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఊగినా, ఆస్పత్రి పాలైనా, ముందు ఆగేది ఇంటి లోను వాయిదా. పైగా ఆయనకి టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే ఇంటికి డబ్బొచ్చే అచ్చమైన బీమా, లేదు. మనీబ్యాక్ పాలసీ ఉందని నిశ్చింతగా ఉన్నట్టున్నారు. దాని మీద రాసిన బీమా మొత్తం చూసి, పక్కన లోను బాకీ రాయండి. నేను చెప్పకుండానే అర్థమవుతుంది. ఈ వారమే కనీసం కోటి రూపాయలకి టర్మ్ పాలసీ చూడండి. పులి ఆగుతుంది, ఇది ఆగకూడదు.

పన్ను మినహాయింపు మాట చాలామంది అడుగుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. విరాళాలకి ఇన్నాళ్ళూ 80జి అని పిలుచుకున్న సెక్షన్ కింద మినహాయింపు ఉంది. (2025 కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో నంబర్లు మారాయి. నాకు పాత పేరే నోట్లో ఆడుతుంది.) సాధారణంగా ఇలాంటి సంస్థలకి ఇచ్చినదానిలో సగమే లెక్కలోకి వస్తుంది. దానికీ మీ ఆదాయంలో పది శాతమన్న గరిష్ఠ పరిమితి ఉంటుంది. నగదుగా 2,000 దాటి ఇస్తే మినహాయింపు అసలు రాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇదంతా పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్ళకే. కొత్త పద్ధతిలో విరాళానికి మినహాయింపు లేదు.

మీ విషయానికొస్తే, ఇంత చదవాల్సిన పని కూడా లేదు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో జీతగాళ్ళకి 12,75,000 వరకూ పన్ను పడదు. మీ ఇద్దరి జీతాలూ విడివిడిగా దానికి చాలా కింద ఉన్నాయి. మీ వారు పాత పద్ధతిలో ఉన్నారనుకున్నా, ఎనిమిది లక్షల నలభై వేలల్లోంచి స్టాండర్డ్ డిడక్షన్ యాభై వేలు, లోను వడ్డీ రెండు లక్షలు, పొదుపులకిచ్చే 80సి మినహాయింపు లక్షన్నర తీసేస్తే మిగిలేది నాలుగు లక్షల నలభై వేలు. ఐదు లక్షల లోపు కాబట్టి పన్ను సున్నా. లేని పన్నులోంచి ఏం మినహాయిస్తారు? 30 శాతం శ్లాబులో ఉండి పాత పద్ధతి ఎంచుకున్నవాళ్ళకైనా, పదివేలిస్తే సెస్‌తో కలిపి తిరిగొచ్చేది 1,560 రూపాయలు. దానికోసం ఎవరూ పులి దాకా వెళ్ళక్కర్లేదు.

మీ తమ్ముడు వేస్తానన్న సగం గురించి ఒక చిక్కు ఉంది. ఆయన చేతిలో ఇంకా భారతీయ పాస్‌పోర్టే ఉంటే, ఇక్కడి తన ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా (ప్రవాస భారతీయులకిచ్చే బ్యాంకు ఖాతాలు) నుంచి తన సొంత డబ్బు నేరుగా కట్టొచ్చు, అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళాల మీద ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం దృష్టిలో ఆయన విదేశీయుడే. అప్పుడు ఆ సంస్థకి విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి ఉండాలి. అనుమతి ఉన్నా లేకున్నా, ఇక్కడి జూకి నేరుగా ఇచ్చినదానికి అమెరికాలో పన్ను తగ్గదు. ఆయనకి అంతగా మనసుంటే తను ఉన్న ఊళ్ళో జూలోనే ఒక జంతువుని తీసుకోమనండి. అక్కడ దత్తతకి బొచ్చు బొమ్మ ఒకటి బహుమతిగా పంపుతుంటారు. ఆ బొమ్మ ఖరీదు పోగా మిగిలిందే అక్కడ విరాళంగా లెక్కకొస్తుంది. పాపకి బొమ్మ కూడా దొరుకుతుంది, మేనమామ కట్నం తీరిపోతుంది.

అత్తగారి మాట చదివి కాసేపు ఆగిపోయాను. కానీ ఆ డిపాజిట్ తీయకండి. రేపు మోకాలో కన్నో చూపించుకోవాల్సి వస్తే ఆవిడ ఎవరినీ అడగకుండా వాడుకోగలిగే డబ్బు అదొక్కటే. మనవరాలి కోసం ఏదో ఒకటి ఇవ్వాలని ఉంటే వడ్డీలోంచి ఆవిడకి తోచినంత ఇవ్వమనండి. సీనియర్లకి ఏడు శాతం అనుకుంటే లక్షన్నరకి ఏడాదికి 10,500 వస్తుంది.

ఇప్పుడు నా లెక్క. ఈ ఏడు పుట్టినరోజుకి అదే 42,000 పక్కన పెట్టండి. పది వేలు దత్తతకి. మరో పది వేలతో ఇంట్లోనే పాయసం, పులిహోర, పదిమంది పిల్లలు. మిగిలిన 22,000 నేరుగా బ్యాంకులోని ఆ లక్షా నలభై మీద చేర్చండి. వచ్చే ఏడాదికి ఇప్పుడే నెలకి 850 చొప్పున ఒక ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) మొదలుపెట్టి, దాని గడువు పాప పుట్టినరోజుకి వారం ముందు వచ్చేలా చూసుకోండి. నా క్లయింట్లలో దత్తత తీసుకున్నవాళ్ళు రెండో ఏడు ఆపేయడానికి డబ్బు లేకపోవడం కారణం కాదు, మర్చిపోవడం. జూ నుంచి ఫోను రాదు, గుర్తుచేసే ఏజెంటూ ఉండడు.

పదివేలకి పులి రాదు కదా అని పాప అడుగుతుంది. అసలు కిటుకు అక్కడే ఉంది. పులి కోసం బ్యాంకులూ కంపెనీలూ క్యూ కడతాయి. కంపెనీల చట్టంలోని సామాజిక బాధ్యత నిధుల జాబితాలో జంతు సంక్షేమం కూడా ఉంది మరి, బోర్డు మీద పేరు పక్కన పులి ఉంటే వాళ్ళకీ బాగుంటుంది. రాబందు పక్కన పేరు రాయించుకునేవాళ్ళు ఎవరున్నారు? పశువులకి వాడే డైక్లోఫెనాక్ మందు వల్ల మన దేశంలో తెల్లవీపు రాబందులు 1990లకీ 2007కీ మధ్య నూటికి తొంభై తొమ్మిది పైగా చచ్చిపోయాయి. 2006లో ఆ మందు ఆపారు. హైదరాబాద్ జూలో వాటిని పెంచి పిల్లల్ని చేయించే కేంద్రం ఉంది. అక్కడే సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి లాకోన్స్ (అంతరించిపోతున్న జంతువుల్ని కాపాడే ప్రయోగశాల)తో కలిసి 2010 నుంచి మూషిక జింకల్ని పెంచుతున్నారు. కుందేలంత ఉంటాయి. కొన్నిటిని నల్లమలలో అమ్రాబాద్ అడవిలో వదిలారు కూడా. అంటే అక్కడ మనం పెట్టే రూపాయి పంజరం దాటి అడవి దాకా వెళ్తోంది.

మీకు దగ్గర్లో, మన విశాఖ జూలో, రేచుకుక్కల (అడవికుక్కల) సంతానోత్పత్తి కేంద్రం ఉంది. ప్రపంచంలో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువుల్లో అదొకటి. నేనైతే పాపకి దాన్నే చూపిస్తాను. గుంపుగా వస్తే పులి కూడా దారి తప్పుకుంటుందని అడవి తెలిసినవాళ్ళు అంటారు. ఆ ఒక్కమాట చాలు, మీ పాప పులిని మర్చిపోతుంది. ఏడాది మొత్తానికి పదివేలు చాలకపోతే మూడు నెలలకో ఆరు నెలలకో తీసుకుంటారేమో అడగండి. కొన్ని జూల్లో ఒక్కరోజు తిండికి కూడా తీసుకుంటారు.

కట్టేటప్పుడు జాగ్రత్త. రీల్స్ కింద కనిపించే క్యూఆర్ కోడ్‌కి, ఎవరో పంపిన యూపీఐ నంబరుకి పైసా వేయొద్దు. జూ కార్యాలయానికి వెళ్ళి, వాళ్ళ ఖాతాకే చెక్కో ఆన్‌లైన్ బదిలీయో చేసి రసీదు తీసుకోండి. ధ్రువపత్రం మీద పాప పేరు రాయించండి. రసీదు మాత్రం డబ్బు కట్టినవాళ్ళ పేరున, పాన్ నంబరుతో ఉండాలి. రేపు జీతాలు పెరిగి పన్ను పడే రోజొస్తే ఆ అలవాటు పనికొస్తుంది. పాపని తీసుకునే వెళ్ళండి, కానీ సోమవారం కాదు, జూకి ఆరోజు సెలవు. మీ వారిని మాత్రం టర్మ్ పాలసీ దరఖాస్తు మీద సంతకం పెట్టాకే కారెక్కించండి.