మూడోసారి నీట్ రాయాలా? ముందు ఆ 21 తప్పులు బయటికి తియ్యి

ప్రశ్న: మాది గుంటూరు. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. బైపీసీ అయ్యాక నీట్‌లో 720కి 398 వచ్చాయి. విజయవాడలో హాస్టల్లో ఉండి లాంగ్ టర్మ్ చేస్తే ఈసారి 461. బయాలజీ 248 నుంచి 290కి, కెమిస్ట్రీ 96 నుంచి 108కి, ఫిజిక్స్ 54 నుంచి 63కి పెరిగాయి. ఫిజిక్స్‌లో 42 పెడితే 21 తప్పు. ఇంకోసారి రాయాలని ఉంది. కానీ కిందటేడు ఫీజు అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టారు. తమ్ముణ్ని ఇంటర్‌లో చేర్చాలి. నాన్న ఏమీ అనరు, అదే భరించలేకపోతున్నాను. అమ్మ అగ్రికల్చర్ బీఎస్సీలో చేరిపొమ్మంటోంది. బాబాయి సంబంధాలు చూద్దామంటున్నాడు. మెడికల్ సీటు వచ్చిన ఫ్రెండ్ ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఒక్కోరోజు అసలు మెలకువ రాకపోతే బాగుండు అనిపిస్తోంది.
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: తల్లీ, నువ్వు చివర రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను. మెలకువ రాకపోతే బాగుండు అనిపించడం మార్కుల బాధే కదా అని సరిపెట్టుకోకు. ఇవాళే అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పు. అమ్మతో నోరు పెగలకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, టెలీ మానస్. అర్ధరాత్రయినా పలుకుతారు, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ ఊళ్లో ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనే సైకియాట్రీ విభాగం ఉంది. అమ్మను తోడు తీసుకుని వెళ్లి చూపించుకో. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిగా వస్తే మాత్రం గదిలో ఒంటరిగా ఉండకు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని ఇంట్లో అడుగు. నీట్ సంగతి నాలుగు రోజులు ఆగినా కొంపలు మునగవు.

ఇక పరీక్ష. మూడోసారి రాయడానికి అడ్డేమీ లేదు. ఇన్నిసార్లే రాయాలన్న లెక్క గానీ, గరిష్ఠ వయసు గానీ నీట్‌కు లేవు. ఏ ఏడాది స్కోరు ఆ ఏడాదికే. ఎన్నోసారి రాశావన్నది ర్యాంకులో ఎక్కడా కనిపించదు. అయితే ఈసారి ఏం మారబోతోందో ముందే తేల్చుకోవాలి.

నువ్వు ఏడాదంతా కష్టపడి పెంచుకున్న 63 మార్కుల్లో 42 బయాలజీవే. ఫిజిక్స్‌వి తొమ్మిదే. వచ్చిన సబ్జెక్టు చదువుతుంటే ఉత్సాహంగా ఉంటుంది కాబట్టి బైపీసీ పిల్లలు చాలామంది అక్కడే ఎక్కువసేపు కూర్చుంటారు. అదే హాస్టల్, అదే టైంటేబుల్‌తో ఇంకో ఏడాది గడిపితే బయాలజీ మరికాస్త పెరుగుతుందేమో. ఫిజిక్స్‌లో 180కి నీకు రాని 117 మార్కులు మాత్రం అలాగే పడి ఉంటాయి.

అందుకని ఎవరికీ ఒక్క రూపాయి ఫీజు కట్టకముందే ఆ ప్రశ్నపత్రం, కీ ముందు పెట్టుకో. తప్పు పోయిన 21 ప్రశ్నలనూ టైం చూసుకోకుండా మళ్లీ చెయ్యి. ఇది ఇప్పుడు వచ్చింది, ఇది పుస్తకం చూస్తే వచ్చింది, ఇది అసలు తెలియకుండా గుడ్డిగా పెట్టాను అని ఒక్కోదాని పక్కన రాసుకో. చివరి రకం ఎన్ని ఉన్నాయో చూడు. ఒప్పుకు నాలుగు చొప్పున 21 ఒప్పులకు 84 వచ్చాయి, తప్పుకు ఒకటి చొప్పున 21 తప్పులకు 21 పోయాయి. తప్పు పోయినవి ముట్టుకోకుండా వదిలేసినా నీకు 84 ఉండేవి! తెలియనిదాన్ని వదిలెయ్యడం కూడా నేర్చుకోవాల్సిన పనే. వారం వారం టెస్టుల్లో ఎవరెన్ని పెట్టారన్న పోటీలో పడి పిల్లలు అది మర్చిపోతారు.

తర్వాత ఫస్టియర్ ఫిజిక్స్‌లో ఒక్క చాప్టర్, గమన నియమాలే అనుకో, దగ్గర్లో ట్యూషన్ చెప్పే మాస్టారి దగ్గర రెండు మూడు వారాలు చదువు. వాలుతలం మీద దిమ్మె ఉంటే దాని మీద పనిచేసే బలాలన్నీ నీ అంతట నువ్వు గీయగలుగుతున్నావా, ఘర్షణ ఎటువైపో ఆలోచించి చెప్పగలుగుతున్నావా, లేక ఇంకా ఫార్ములా కోసమే వెతుక్కుంటున్నావా? పట్టు దొరుకుతోందనిపిస్తే ధైర్యంగా ఇంకో ఏడాది తీసుకో. పక్కన చెప్పేవాళ్లుండి, తొందరేమీ లేకపోయినా అర్థం కాకపోతే ఆ ఏడాది పెట్టొద్దు. కష్టంగా ఉన్నా నీకు ఇదే చెబుతాను.

ఇన్ని మార్కులు దాటితే సీటు గ్యారంటీ అని చుట్టాలు చెప్పే లెక్కలు నమ్మకు. 2024లో 720కి 720 వచ్చినవాళ్లు పదిమందికి పైనే ఉన్నారు. 2025లో దేశంలో మొదటి ర్యాంకు 686కే వచ్చింది. కాబట్టి నీ ర్యాంకు, కేటగిరీ పట్టుకుని, విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో కిందటేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చూడు. బీడీఎస్‌కీ, ఆయుర్వేదానికీ, హోమియోకీ ఇదే ర్యాంకు. రిజిస్ట్రేషన్ తేదీ దాటనివ్వకు. చేరి మధ్యలో వదిలేస్తే ఏం కట్టాల్సి వస్తుందో నోటిఫికేషన్‌లో ముందే చదువు. అమ్మ చెప్పిన అగ్రికల్చర్ మంచి చదువే. అది నీకు ఇష్టమో కాదో మాత్రం నువ్వు ఎక్కడా రాయలేదు. అమ్మకైనా చెప్పు.

నాన్న ఏమీ అనకపోవడాన్ని కోపమనుకుంటున్నావు. గాజులు విడిపించలేదన్న బాధ ఆయనకూ ఉండి ఉంటుంది, నీతో ఏమనాలో తెలియకపోయి ఉంటుంది. మిర్చి టిక్కీల (బస్తాల) లెక్కలు రాసే మనిషికి లెక్క చూపిస్తే మాట కలుస్తుంది. యార్డు సెలవు రోజున భోజనాలయ్యాక ఒక కాగితం తీసుకుని ఆయన దగ్గర కూర్చో. 21 తప్పుల్లో ఏమేం తేలిందో, ఆ చాప్టర్ ఎంత వచ్చిందో, ఈ ఏడాదికి ఎంత కావాలో అందులో ఉండాలి. తమ్ముడి ఫీజు ముందు పక్కన పెట్టండి. మిగిలినదాంట్లోనే నీ చదువు. హాస్టల్ మానేసి ఇంట్లోనే ఉండి, ఫిజిక్స్‌కు ట్యూషన్, ఒక టెస్ట్ సిరీస్ మాత్రమే తీసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. ఇదే ఆఖరిసారి అని, సీటు రాకపోతే ఏ కోర్సులో చేరతావో పేరుతో సహా రాసి చూపించు. గాజుల గురించి ఏడుపొస్తే ఏడువు, కానీ కాగితం చూపించకుండా లేచిరాకు.

బాబాయికి జవాబు నువ్వు చెప్పనక్కర్లేదు. ఈ ఏడాది సంబంధాల మాట ఎత్తొద్దని అమ్మ చేత చెప్పించు.

ఆ ఫ్రెండ్‌కు నువ్వే ఫోన్ చెయ్యి. ముందు కంగ్రాట్స్ చెప్పు. ఫిజిక్స్‌లో ఏ చాప్టర్లు ముందు చదివిందో, పరీక్షలో ఎన్ని వదిలేసిందో అడిగి రాసుకో.