ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చేయించుకోవాలంటే

ప్రశ్న: షేర్లలో పెట్టుబడి పేరుతో మోసం చేశామంటూ ఓ మదుపరి, నేను పార్టనర్‌గా సంతకం పెట్టిన సంస్థ మీదా నా మీదా విశాఖ కోర్టులో డబ్బు రికవరీ దావా వేశారు. సమన్లు గాజువాకలో మా పాత ఫ్లాటుకు వెళ్లాయట. మేం మధురవాడకు మారి రెండేళ్లయింది. జీతం జప్తు నోటీసు వచ్చాకే, నేను హాజరు కాకుండానే కోర్టు తీర్పు (ఎక్స్‌పార్టీ డిక్రీ) ఇచ్చేసిన సంగతి తెలిసింది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద, డిక్రీ ఇచ్చిన కోర్టులోనే పిటిషన్ వేయాలి. గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే, డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి. అందుకే జప్తు నోటీసు కవరు పారేయకండి. గడువు మీద ఏమాత్రం అనుమానమున్నా లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మన్నించమనే పిటిషన్ కూడా జతచేయండి. డిక్రీ సర్టిఫైడ్ కాపీ వచ్చేదాకా ఆగొద్దు. కాపీకి పట్టిన రోజుల్ని అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు గానీ, ఈ పిటిషన్‌కు ఆ వెసులుబాటు లేదు.

అసలు పట్టు సమన్ల రిపోర్టులో ఉంటుంది. మీ లాయరుతో వకాలత్ వేయించి, అమీనా (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) ఏం రాశాడో రికార్డులో చూడండి. తలుపుకు అంటించానని రాస్తే, ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో పేరు, చిరునామాతో ఉండాలి. ఇంట్లో ఇచ్చానంటే, తీసుకున్నది మీతో కలిసి ఉంటున్న మేజరైన కుటుంబ సభ్యులై ఉండాలి. నౌకరునే చట్టం కుటుంబ సభ్యుడిగా ఒప్పుకోదు, ఇక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సంతకమైతే చెప్పేదేముంది! పేపరు ప్రకటన ద్వారా ఇచ్చిన సమన్లు కూడా ఈ 30 రోజుల లెక్కకు సరిగా అందినట్టు కాదు.

అయితే వాయిదా తేదీ మీకు ముందే తెలిసి, హాజరయ్యే వ్యవధి కూడా ఉందని తేలితే, సమన్లలో లోపం ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. దావా గురించి వాదితో వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే ముందే లాయరుకు చెప్పండి.

అఫిడవిట్‌లో ‘ఒంట్లో బాగోలేక’ లాంటి అరిగిపోయిన సాకులు వద్దు. అద్దె అగ్రిమెంటు, గ్యాస్ కనెక్షన్ బదిలీ కాగితం పెట్టండి. ఆధార్‌లో ఇంకా గాజువాకే ఉంటే దాచకుండా కారణం రాయండి. జవాబుదావా (దావాకు మీ రాతపూర్వక సమాధానం) కూడా సిద్ధంగా ఉంచుకోండి. మోసం అన్న మాట ఒక్కటి రాస్తే చాలదు, తేదీలతో సహా వివరాలు దావాలోనే ఉండాలని ఆర్డర్ 6 రూల్ 4 చెబుతోంది. డబ్బు ఎవరి ఖాతాలో పడిందో బ్యాంకు స్టేట్‌మెంట్‌తో చూపండి.

పిటిషన్ వేసినంత మాత్రాన జప్తు ఆగదు. స్టే విడిగా అడగాలి. డిక్రీ మొత్తంలో కొంత డిపాజిట్ చేయమనీ, ఖర్చులు కట్టమనీ కోర్టు షరతు పెట్టొచ్చు. ఆ షరతుకు పెట్టిన తేదీ దాటిందా, చేతికొచ్చిన ఉత్తర్వు కూడా పోతుంది. స్టే రాకపోయినా జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండొంతులు జప్తుకు అందవు. లెక్కలోకొచ్చే జీతం 40,000 అయితే కోత 13,000 దాటకూడదు.

పిటిషన్ కొట్టేస్తే ఆర్డర్ 43 కింద అప్పీలుంది. డిక్రీ మీదే నేరుగా అప్పీలుకూ వెళ్లొచ్చు గానీ, ఆ అప్పీలు తేలిపోయాక రూల్ 13 దారి మూసుకుపోతుంది. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వు కూడా వచ్చి ఉంటే అది వేరే లెక్క: అందిన 45 రోజుల్లో సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లాలి.